బీరు తాగిన ఇంజను

సరస్సు ఒడ్డునున్న కోపకబానా ఊళ్లో వ్యాను నడిపేవాళ్లందరిలోకీ వెన్సెస్లావోకి భక్తి ఎక్కువ, మెకానిక్కుల మీద నమ్మకం తక్కువ. ఏటా పండుగకి ఊరి ఆచారం ప్రకారం బండికి పూలదండలు కట్టి, చర్చి ముందు ఫాదర్ చేత పవిత్రజలం చల్లించి, బానెట్ ఎత్తి ఇంజను మీద తనే బీరు పోసేవాడు.

"బీరు కాదన్నా, టైమింగ్ బెల్టు మార్చు. పళ్లు అరిగిపోయాయి," అని మెకానిక్ రెమిహియో మొత్తుకునేవాడు.

"మరియమ్మ తల్లి దీవెన ఉండగా నీ రబ్బరు ముక్క ఎందుకురా?"

ఆ వ్యానే వాళ్లకు కూడు. భార్య బసీలియా వేపుడు చేపల కొట్టుకి సరుకు కూడా అందులోనే వచ్చేది.

ఒకరోజు సరస్సు పైనున్న ఏటవాలులో, బంగాళాదుంపల మూటలతో ఆడవాళ్లు ఎక్కుతుండగా ఇంజను టప్పుమని ఆగిపోయింది. సరుకుతో బండిలోనే ఉన్న బసీలియా వెంటనే రెమిహియోకి ఫోను చేసింది.

"నిలబడి ఉండగా తెగిందా వదినా? బతికిపోయారు! అన్నని తాళం ముట్టుకోనివ్వకు. బెల్టు లేకుండా తిప్పితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దేస్తాయి. ఇంజను పోతుంది."

"తాళమే కదా, ముట్టుకోనులే," అన్నాడు వెన్సెస్లావో బుద్ధిమంతుడిలా. అని, ప్రయాణికుల చేత బండిని పల్లంలోకి తోయించి, ఆ ఊపుకి ఇంజను తిరిగేలా గేరు వేశాడు!

లోపల గిన్నెలూ గరిటెలూ కొట్టుకున్నట్టు చప్పుడైంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ధారాళంగానే ఇచ్చాడు, బెల్టే ఇవ్వలేదు.

"ఫాదర్ బండిని దీవించాడు గానీ నీ బుర్రని మర్చిపోయాడయ్యా!" అని బసీలియా నెత్తి కొట్టుకుంది.

వాల్వులన్నీ వంగిపోయాయి. వ్యాను రెమిహియో షెడ్డులో పడుంటే, వెన్సెస్లావో చేపల బుట్టలు భుజానేసుకుని కొట్టుకి మోశాడు. "ఏం అన్నా, ఇవాళ బండివి నువ్వేనా?" అని దారినపోయేవాళ్లు వేళాకోళమాడితే నవ్వేవాడు. ఒంటరిగా షెడ్డులోకి వెళ్లినప్పుడు మాత్రం, "నిన్ను నేనే చంపుకున్నానే తల్లీ," అని బండి పట్టుకుని ఏడ్చాడు.

మళ్లీ పండుగ నాటికి బండి లేచింది. ఫాదర్ పవిత్రజలం ఎత్తగానే వెన్సెస్లావో అడ్డం వచ్చాడు.

"ఆగండి ఫాదర్! ముందు రెమిహియో చూడాలి."

రెమిహియో కొత్త బెల్టు తడిమి తలూపాడు. వెన్సెస్లావో బీరు సీసా అతని చేతికే ఇచ్చాడు. "ఇంజను తాగింది చాల్లేరా, ఇక నువ్వు తాగు."

ఫాదర్ నీళ్లు చల్లడం మర్చిపోయి, నెమ్మదిగా రెమిహియో పక్కకి జరిగాడు.

"అబ్బాయ్, నా జీపుక్కూడా ఆ బెల్టు ఉంటుందా? ఇన్నాళ్లూ దాన్ని నేనే దీవించుకుంటున్నాను."