మూడోసారి అడగాల్సిన ప్రశ్న

గత నెల మా అత్తయ్య బాత్‌రూమ్‌లో రెండోసారి జారిపడ్డారు. నేనూ మా ఆయనా ఆఫీస్‌లకి వెళ్ళిపోతే అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఇంట్లో ఆవిడ తొమ్మిది గంటలు ఒంటరిగా ఉంటారు. ఇంకోసారి పడితే తుంటి విరగొచ్చని డాక్టర్ మొహం మీదే చెప్పేశాడు. అసిస్టెడ్ లివింగ్, అంటే పెద్దవాళ్ళకి రోజువారీ పనుల్లో సాయం చేసే హోమ్, అన్న మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు, నలుగురూ ఏమనుకుంటారోనని భయం. చివరికి ఆవిడే, "చూసొద్దాం పదమ్మా, చూస్తే తప్పేముంది?" అన్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా చర్చిలో ఒక ఆంటీని అడిగాను. "వెబ్‌సైట్లు పట్టుకుని కూర్చోకు. కౌంటీలో పెద్దవాళ్ళ కోసం సీనియర్ సర్వీసెస్ అని ప్రభుత్వ ఆఫీస్ ఉంది, దానికి కాల్ చెయ్యి, ఫ్రీగా చెప్తారు" అన్నారావిడ. నమ్మబుద్ధి కాలేదు, అయినా కాల్ చేస్తే శుక్రవారం రమ్మన్నారు. ఆ రోజు సెలవు పెట్టి అత్తయ్యతో తొమ్మిదికి బయలుదేరితే ఇరవై ఐదు నిమిషాల్లో ఆ ఆఫీస్ వచ్చింది. లిండా అనే ఉద్యోగి గంటసేపు మాకోసమే కూర్చుంది. ఇలాంటి హోమ్‌ల తనిఖీ రిపోర్టులు ఎక్కడ చదవాలో చూపించింది. ఏదైనా ఇబ్బంది వస్తే పెద్దవాళ్ళ తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ ఉంటారట. కొన్నిచోట్ల చేరకముందే రెండు వారాలు ఉండి చూడవచ్చట. పైసా అడగలేదు. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఇవేవీ తెలియని నా తెలివికి జోహార్లు!

అక్కడినుంచి పావుగంట డ్రైవ్ చేసి, లిండా ఇచ్చిన లిస్టులో మొదటి హోమ్‌కి వెళ్ళాం. నర్స్ మరియా ఒక ఫారం తీసింది. అందులో ఏం రాస్తే ఆ మేరకే సాయం అందుతుంది. స్నానానికి సాయం కావాలా? "నో, నో." మంచం మీంచి లేవడానికి? "నో ప్రాబ్లమ్." నడవడానికి? "ఐ మేనేజ్." మరియా మెచ్చుకుంటూ అన్నిటికీ 'అవసరం లేదు' అని టిక్ పెట్టింది. నేను నోరు తెరవబోతే అత్తయ్య నా మోచేయి గిల్లారు.

మధ్యాహ్నం భోజనం అక్కడే. వంటాయన పొగలు కక్కే సూప్ తెచ్చి, కావాలా అని అడిగాడు. "నో, థాంక్యూ" అన్నారు అత్తయ్య. ఆయన నవ్వి పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడు.

"అదేంటమ్మాయ్, మళ్ళీ అడగలేదేం?"

"మీరు వద్దన్నారుగా అత్తయ్యా!"

"అడగ్గానే కావాలంటారా ఎవరైనా, సిగ్గు లేకుండా?"

ఓరి నాయనో! పొద్దున ఫారం నిండా పడినవి కూడా ఈ మొహమాటపు 'వద్దు'లే.

పరుగున వెళ్ళి మరియాకి మన మర్యాద సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టి, అత్తయ్య చేయి పట్టుకుని మళ్ళీ మొదటి ప్రశ్న అడిగింది. "నో." కాస్త ఆగి మళ్ళీ అడిగింది. "నో, అమ్మా." మూడోసారికి అత్తయ్య తల దించుకుని తెలుగులో అన్నారు: "టబ్ అంచు దాటాలంటే కాళ్ళు వణుకుతాయి. రోజూ ప్రార్థన చేసుకునే అందులో అడుగు పెడతాను." దాన్ని నేను ఇంగ్లీష్‌లో చెప్పకముందే మరియా పాత ఫారం చింపేసి కొత్తది తీసింది.

ముక్కూమొహం తెలియని మనిషి అంత ఓపిగ్గా అడగడం తలచుకుంటే నాకింకా ఆశ్చర్యమే. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి సాయం కావాలా అని నేను ఒక్కసారే అడిగాను, వద్దనగానే హాయిగా ఆఫీస్‌కి వెళ్ళిపోయాను. సిగ్గేసింది. వచ్చే నెల అత్తయ్య అక్కడ రెండు వారాలు ఉండి చూస్తానన్నారు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, ఫారం నింపే నర్సుకి మనవాళ్ళ 'వద్దు' సంగతి ముందే చెప్పండి. నాలుగింటికి ఇల్లు చేరాక, "స్నానానికి తోడు రానా అత్తయ్యా?" అన్నాను. "వద్దమ్మా." "రానా?" "నీకెందుకులే శ్రమ." మూడోసారి అడగబోతుంటే టవల్ తెచ్చి నా చేతిలో పెట్టారు.