నురగ మేస్త్రీ, గీపెట్టే మిషన్

కనిపించిన ప్రతిదానికీ సబ్బునురగ పూస్తే గానీ నురగ మేస్త్రీకి చెయ్యి ఊరుకోదు.

ఆయన వృత్తి సీఎన్జీ గ్యాసుతో నడిచే బళ్ళ మరమ్మతు. సిలిండరు నుంచి ఇంజను దాకా వెళ్ళే సన్నటి గొట్టంలో గ్యాసు ఏ అతుకు దగ్గర కారుతోందో కంటికి కనపడదు. నురగ పూస్తే కారే చోట బుడగ లేస్తుంది. అంతవరకు సవ్యమే. ఆయన అక్కడితో ఆగితే కదా! కుక్కరు మూతకి పూస్తాడు, పక్కింటి సైకిలు ట్యూబుకి పూస్తాడు. ఓసారి పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, కుర్చీ కింద ఏదో 'స్స్' మంటోందని జేబులోంచి బ్రష్షు తీశాడు.

"ముందు మీరు నోరు తెరవండి" అన్నాడు డాక్టరు.

"ముందు మీ కుర్చీ సంగతి తేలనివ్వండి" అన్నాడు మేస్త్రీ. అరగంటలో కుర్చీ బాగైంది. పన్ను మాత్రం మర్నాడు పీకించుకున్నాడు.

నురగకి ఆయన వాడేది మనవరాలి షాంపూ.

"నాన్నా, పాప షాంపూ మళ్ళీ ఖాళీ!" అని కూతురు కేకేసింది.

"ఘాటు సబ్బు గొట్టాల్ని తినేస్తుందమ్మా. పాప కళ్ళు మండనిదయితే వాటికీ మంచిది."

"మరి పాప తలకో?"

"పాప తల లీకవట్లేదుగా!"

ఇలాంటి మనిషి షెడ్డులో చేరాడు ఆయన అల్లుడు. అంతకుముందు ఎనిమిదేళ్ళు వంటగ్యాసుతో నడిచే బళ్ళు బాగుచేశాడు కాబట్టి తనకు తెలియనిది లేదనుకున్నాడు. మెడలో గ్యాసు పసిగట్టే మిషన్ ఒకటి పతకంలా వేలాడదీసుకుని వచ్చాడు. ఆ రోజు తన వాలకం తలుచుకుంటే అల్లుడికి ఇప్పటికీ తనను తానే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

"ఇంకా నురగేమిటండీ మామయ్యగారూ? గ్యాసు తగిలితే చాలు, ఇది గీపెడుతుంది."

"మంచిదే అల్లుడుగారూ" అన్నాడు మేస్త్రీ, మిషన్ను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "దీనికీ కాస్త పూయనా?"

అల్లుడు మిషన్ను చొక్కాలో దాచుకున్నాడు.

వారం తిరిగేసరికి స్కూలు వ్యాను ఒకటి వచ్చింది. అల్లుడు ఒంటిచేత్తో చేస్తానన్న మొదటి పని అదే. గ్యాసు ఫిల్టరు కొత్తది వేశాడు, అతుకులు బిగించాడు, ఇంజను ఆపి సిలిండరు తెరిచి మిషన్ పెట్టాడు. మిషన్ నోరెత్తలేదు. "లీకు లేదు, తీసుకెళ్ళు" అని డ్రైవరుతో దర్జాగా చెప్పాడు.

"మూడింటికి స్కూలు గేటు దగ్గరుండాలండీ. ఇరవై ఇద్దరు పిల్లలు. నిజంగా లేదు కదండీ?" అన్నాడు డ్రైవరు.

"మిషన్ చెప్పాక ఇంకేమిటయ్యా!"

డ్రైవరు మంచినీళ్ళు తాగడానికి అటు వెళ్ళగానే మేస్త్రీ ఇటు మగ్గు పట్టుకుని వచ్చాడు.

"ఒక్కసారి పూస్తానండీ. నా తృప్తికి."

అల్లుడు ఆకాశంకేసి చూసి నిట్టూర్చాడు. చూపు కిందికి దించేసరికి, ఫిల్టరు పక్కనున్న అతుకు మీద బుడగ లేచింది. చితికింది. మళ్ళీ లేచింది. అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ అతుకు నట్టును చేత్తో తిప్పి, పానా కోసమని వెళ్ళి, పానాకి బదులు మిషన్ తెచ్చుకున్నాడు ఘనుడు! ఆ మిషన్నయినా సరిగ్గా పెట్టాడా అంటే, అతుక్కి అడుగున పెట్టాడు. వంటగ్యాసు బరువుగా కిందికి దిగుతుంది కాబట్టి ఎనిమిదేళ్ళుగా అలాగే పెట్టడం అలవాటు. ఈ సీఎన్జీ గ్యాసేమో తేలిక, పైకి పోతుంది. ఇరవై ఇద్దరు పిల్లలు కళ్ళముందు మెదిలి అతడికి నిజంగా భయం వేసింది.

డ్రైవరు తిరిగి వస్తున్నాడు. మేస్త్రీ గబుక్కున గుడ్డతో నురగ తుడిచేసి, అల్లుడి చెవిలో, "మిషన్ను అతుక్కి పైన పెట్టండి" అన్నాడు.

పెట్టాడు. షెడ్డంతా అదిరేలా గీపెట్టింది.

"ఏమయ్యా డ్రైవరూ, ఇలా రా!" అని మేస్త్రీ గొంతెత్తాడు. "వెళ్ళేముందు మా అల్లుడుగారు మళ్ళీ చూశారు కాబట్టి సరిపోయింది. మిషన్ ఎలా పట్టిందో విను!"

"దేవుడిలా చూశారు బాబూ!" అంటూ డ్రైవరు అల్లుడికి దండం పెట్టాడు. ఆ క్షణంలో అల్లుడికి వంటగ్యాసులా నేలకి దిగిపోవాలనిపించింది.

సిలిండరు కట్టేశారు, గొట్టంలో మిగిలిన గ్యాసు వదిలేశారు, ఈసారి పానాతోనే బిగించారు. మళ్ళీ తెరిచి మిషన్ పైన పెట్టారు, నురగ చుట్టూ పూశారు. మిషన్ అరవలేదు, బుడగ లేవలేదు. అతుకు కడిగి తుడిచేసరికి రెండూ నలభై. వ్యాను వేళకే వెళ్ళింది.

"మామయ్యగారూ, తప్పు నాది, పట్టింది మీ నురగ. నా పేరెందుకు చెప్పారండీ?"

"నురగకి పేరెందుకండీ, నీళ్ళు పోస్తే పోయేదానికి? రేపు కూడా మీరిక్కడ పనిచెయ్యాలి. రేపు కూడా వాళ్ళు మిమ్మల్ని నమ్మి బండి ఇవ్వాలి. నట్టు మాత్రం ఇంక మరవకండి."

మూలన కూర్చున్న ముసలి వెల్డరు పకపకా నవ్వాడు. "పదేళ్ళ కిందట నా లీకు కూడా నేనే పట్టానండోయ్! అప్పుడు నాకూ భలే పేరొచ్చింది."

అల్లుడికి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. కళ్ళలో షాంపూ పడిందన్నాడు. అది పాప షాంపూ, మండదని అక్కడ అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున భార్య వంటింట్లోకి వచ్చేసరికి అల్లుడు బ్రష్షుతో పొయ్యి మీది కుక్కరు ముందు నిలబడి ఉన్నాడు.

"మీరూ మొదలెట్టారా!"

"ఒక్కసారి. నా తృప్తికి."

మూత అంచున బుడగ లేచింది. మూత రబ్బరు మెలిపడి ఉంది. నిన్న దాన్ని తొడిగింది ఆవిడే. అల్లుడు గబుక్కున గుడ్డతో తుడిచేశాడు.

"ఏం లేదులే, రబ్బరు పాతబడింది."

"పాతబడడమేమిటండీ, నిన్ననేగా కొన్నాం!"