చూస్తుంటే ఆగని క్రేన్

ఓడరేవుని ఆనుకుని ఓ ప్రైవేటు యార్డు. ఓడల్లోంచి దిగిన కంటైనర్లని అక్కడ పెద్ద క్రేన్లు ఎత్తి లారీల మీద పెడతాయి. క్రేన్ని నడిపేది మనిషే అయినా, ప్రతి కదలికకీ ముందు ఒక ప్రోగ్రామ్ ఒప్పుకోవాలి. ఆ ప్రోగ్రామ్ బాగోగులు చూసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. స్టీల్‌ప్లాంటు పని కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంట్లో పెరిగినదాన్ని, యంత్రాలంటే భయం లేదు. యార్డుకి వెళ్ళమంటే సరేనన్నాను.

ఒక క్రేన్ కంటైనర్ని మనిషెత్తు లేపాక ఉన్నట్టుండి ఆగిపోతోందట. రోజూ కాదు, ప్రతిసారీ కాదు. కింద లారీ, పైన ఊగుతున్న కంటైనరు. దాన్ని నడిపే ఆపరేటరుది సముద్రపొడ్డున ఉన్న యారాడ. తండ్రి, అన్నదమ్ములు చేపల వేటకెళ్ళే ఇంట్లోంచి క్రేనెక్కిన మొదటి మనిషి అతనే. నలభై దాటి ఉంటాయి. నన్ను చూడగానే ఊపిరి పీల్చుకున్నాడు.

“వచ్చారా అమ్మా! నా మాట ఎవులూ నమ్మట్నేదు. నానే ఏదో తప్పు మీట నొక్కేత్తన్నానంట.”

మా పనిలో డీబగ్గర్ అని ఒక సాధనం ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి దాన్ని తగిలిస్తే, ఏ వరుస దగ్గర ఏం జరుగుతోందో లోపలికి తొంగి చూడొచ్చు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని, తప్పుని ఊహించొద్దు, చూడండి అని. బరువు గాల్లో ఉండగా ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపకూడదు కాబట్టి, ఆపకుండా ప్రతిదీ రికార్డు చేసేలా పెట్టి, క్రేన్ కాళ్ళ దగ్గరున్న కంట్రోలు పెట్టెకి నా లాప్‌టాప్ కలిపి కూర్చున్నాను.

క్రేన్ ఆగలేదు. ఆ రోజూ ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. ఓడరేవులోంచి వచ్చే బొగ్గు దుమ్ము కీబోర్డు మీద పేరుకుంటుంటే తుడుచుకుంటూ తెర వంకే చూశాను. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. వైరు పీకి గేటు దాటానో లేదో యార్డు ఆఫీసు నుంచి ఫోన్ మోగింది. మళ్ళీ ఆగిపోయిందట.

“మీరుంటే ఆగదు, మీరెల్లిపోతే ఆగిపోతాది. నానేటి సెయ్యాలమ్మా?” అన్నాడు ఆపరేటరు, నేను తిరిగి వెళ్ళేసరికి.

నాకు అనుమానం ఒకటి ఉంది. కంటైనర్ నాలుగు మూలలా క్రేన్ తాళాలు పడ్డాయని ఒక కబురు, బరువు లేచిందని ఇంకో కబురు ప్రోగ్రామ్‌కి అందుతాయి. రెండోది ముందు అందితే, తాళం పడకుండానే కంటైనరు లేచిందనుకుని ప్రోగ్రామ్ బెదిరి క్రేన్ని ఆపేస్తుంది. నా సాధనం తగిలించగానే ప్రోగ్రామ్ ఓ వెంట్రుకవాసి నెమ్మదిస్తుంది. ఆ మాత్రానికే కబుర్లు వరసలో పడుతున్నాయేమో! అయినా అది ‘ఏమో’నే. కంటితో చూసింది కాదు.

ఓ మధ్యాహ్నం నేను వైరు తీసేసి భోజనానికి లేస్తుంటే అతను వాకీటాకీలో పిలిచాడు, “ఓపాలి పైకి రండమ్మా” అని. ఇనుప మెట్లెక్కి అద్దాల గదిలో అతని వెనక నిలబడ్డాను. అక్కడినుంచి సముద్రం కనబడుతుంది. అతను మీటల మీద చేతులు పెట్టిన తీరులో తొందర లేదు. కంటైనరు లేచింది. లేచి, గట్టిగా కుదుపిచ్చి ఆగిపోయింది. మా కాళ్ళకింద గది ఊగింది. అతను రెండు చేతులూ మీటల మీంచి తీసి పైకెత్తి నాకు చూపించాడు.

“సూసారు గదా? సూసారు గదా!” అతని కళ్ళలో నీళ్ళు. అంత సంతోషం.

చూశాను. కాని నా లాప్‌టాప్ కింద మూసి ఉంది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ఆ సాయంత్రమే యార్డు మేనేజరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను, ఆపరేటరు తప్పేమీ లేదన్నాను. ఆయన ఓపిగ్గా విని అడిగాడు: “రికార్డులో ఉందామ్మా?”

“లేదండీ. కానీ నేను అక్కడే ఉన్నాను.”

“మీరు చూశారు, సరే. పైవాళ్ళకి నేనేం చూపించను?”

రెండు రోజుల్లో అతన్ని క్రేన్ దింపి గేటు దగ్గర లారీల నంబర్లు చూసే పనిలో వేశారు. అతన్ని మళ్ళీ క్రేనెక్కించమని నేను మా ఆఫీసులో అడిగాను, యార్డులో అడిగాను. అందరూ మర్యాదగానే విన్నారు. గేటు దాటేటప్పుడల్లా అతను తల ఎత్తి చూసేవాడు. చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్ళకి గేటు దగ్గర కుర్చీలో వేరే మనిషి కనిపించాడు. అతను పనిలోకి రావడం మానేశాడట.

తర్వాత కొత్త ఆపరేటరుకీ క్రేన్ ఆగింది. అప్పుడు మళ్ళీ నన్ను పిలిచారు. తప్పుని కంటితో చూడలేక, నా అనుమానాన్నే నమ్ముకుని ప్రోగ్రామ్‌లో ఒకచోట రెప్పపాటు ఆగమని రాశాను. క్రేన్ ఆగడం మానేసింది. ఎందుకు మానేసిందో నాకు ఈరోజుకీ రూఢిగా తెలీదు. యార్డులో నాకు టీ ఇచ్చి మెచ్చుకున్నారు. పాత ఆపరేటర్ని తిరిగి పిలవమంటే, “చూద్దాం లెండి” అన్నారు.

ఆదివారం యారాడ వెళ్ళాను. అతను ఒడ్డున అన్నగారితో కలిసి వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి, తిరగేసిన తెప్ప మీద చోటు చూపించాడు. జరిగింది చెప్పాను.

“బాగయిపోనాదా?” అన్నాడు. “ఏటంట మరి రోగం?”

“ఇదీ అని చెప్పలేను. ఆగడం లేదు, అంతే.”

అతను వల కన్నంలోకి దారం దూర్చి ముడేశాడు.

“అయితే నాను అబద్దం సెప్పనేదని ఎవులైనా అన్నారేటి?”

“నేనన్నాను.”

“మీరు అప్పుడే అన్నారు గదమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఇంకెవులైనా?”

నేను లేదని తల ఊపాను. అన్నగారు కేకేస్తే అతను వల వదిలి, పడవని నీళ్ళలోకి తోయడానికి మిగతావాళ్ళతో భుజం కలిపాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ బస్సు దగ్గరికి వచ్చేశాను.