భీవండి చూడని చిన్నాయన

నేను చదివిన చదువుకు ఉద్యోగం వెతకడమే ఒక కష్టం. మానసిక రోగులతోనూ వారి కుటుంబాలతోనూ పనిచేసే సామాజిక కార్యకర్తగా శిక్షణ పొందాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి. నా మనసు మాత్రం ఒక్క చోటే నిలిచింది. నేరారోపణ ఎదుర్కొంటూ, మనసు స్వాధీనంలో లేదని కోర్టు చికిత్సకు పంపినవారిని ఉంచే వార్డు అది. ఆ విభాగాన్ని ఫోరెన్సిక్ సైకియాట్రీ అంటారు. హనుమకొండలోని అద్దె గదిలో కూర్చుని ఫోనులో ఆ మాట కొట్టి వెతికితే వేలిముద్రల నిపుణులు, రక్తపు మరకలు పరీక్షించే ల్యాబు సహాయకులు, ఒకసారి శవాగారంలో కాపలా ఉద్యోగం కూడా వచ్చాయి. నాకు కావలసినది రాలేదు.

దరఖాస్తులు నింపే ఇంటర్నెట్ సెంటరు యజమానికి నా ముఖం అలవాటైపోయింది.

“అన్నా, నువ్వు పోలీసోనివా, డాక్టరువా? ఒక్కటి ఫిక్స్ జెయ్యి. ఖానా నింపాలె.”

“రెండూ కాదు.”

“గట్లయితె ‘ఇతరములు’ల ఏస్తాన్న. ఫికర్ జెయ్యకు, సగం దేశం గండ్లనే ఉన్నది.”

మడికొండ దగ్గర ఒక వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలరుగా పనిచేస్తూ ఏడాదిన్నర ఎదురుచూశాక, నగరంలోని ఒక మానసిక వైద్యశాల ప్రకటన వచ్చింది. ఒప్పంద పద్ధతి మీద ఒకే ఒక్క పోస్టు. ముద్దాయిగా వచ్చిన రోగి ఇంటికి వెళ్లి, అతని జీవితాన్ని ఇంటివారి నోట విని, కోర్టుకు పంపే నివేదికలో ఆ భాగం రాయాలి.

ఆ వైద్యశాలలోని ఆ వార్డు నాకు పుస్తకాలకన్నా ముందే తెలుసు. మాది పరకాల దగ్గర ఒక పల్లె. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాయన, చిన్నాయన ఇద్దరూ నగరంలో భవన నిర్మాణ పనికి వెళ్లారు. తనను ఎవరో చంపడానికి వస్తున్నారని చిన్నాయన నెలల తరబడి భయపడ్డాడు. ఆ భయంలోనే ఒకనాడు తోటి కూలీని పారతో కొట్టాడు. అతను బతికాడు, చెయ్యి విరిగింది. చిన్నాయన జైలుకు, అక్కడినుంచి కోర్టు ఆదేశంతో ఆ వార్డుకు వెళ్లి రెండేళ్లకు పైగా ఉన్నాడు. ఊళ్లో ఎవరు అడిగినా నాయన, “భీవండికి పోయిండు, మగ్గాల పనికి” అనేవాడు. మా వైపు మనుషులు మహారాష్ట్రలోని భీవండి వెళ్లడం, ఏళ్లు గడిచాక తిరిగి రావడం మామూలే కనుక ఎవరూ మరో మాట అడగలేదు. జబ్బు నయమై, కేసు ముగిసి చిన్నాయన తిరిగి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నా ఆ అబద్ధం మాతోనే ఉండిపోయింది.

నాయనతో కలిసి నేను మూడుసార్లు ఆ వార్డుకు వెళ్లాను. ఇనుప గేటు అవతల ఒక మనిషి చిన్నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ తొందరా లేకుండా, “చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాడివి?” అని అడుగుతూ రాసుకోవడం చూశాను. అప్పటివరకు పోలీసులు, వకీళ్లు, బంధువులు అందరూ ఆయనను అడిగింది పార గురించే. నాకు కావలసినది ఆ మనిషి చేస్తున్న ఉద్యోగం.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. వారిలో పెద్ద డాక్టరు ఒక మహిళ. చదువు గురించి అడగవలసినవన్నీ అడిగాక ఆమె కాగితాలు పక్కన పెట్టి, “ఈ వార్డుతో మీకు ఇంతకుముందు ఏదైనా పరిచయం ఉందా?” అన్నారు.

“లేదు మేడమ్.”

ఒక మనిషి జబ్బు సంగతి ఆయన అనుమతి లేకుండా బయటపెట్టరాదని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది సరైన నియమమే. అయితే ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చింది ఆ నియమం కాదు, ఆ ఒక్క పోస్టు.

తాత్కాలికంగా ఎంపికైనట్టు కబురు వచ్చింది. పోలీసు విచారణ పూర్తయితేనే నియామకపు ఉత్తర్వు ఇస్తారు. రెండు పత్రాలు నింపాలి. ఒకదానిలో ఇంట్లో నివసించేవారి పేర్లు. మరొకదానిలో, దగ్గరి బంధువులెవరైనా ఆ వైద్యశాలలో చికిత్స పొందారా అన్న ప్రశ్న. మొదటిదానిలో నాయన పేరు, అమ్మ పేరు, నా పేరు రాశాను. రెండోదానిలో “లేరు” అని రాశాను. రాసి నాయనకు ఫోను చేశాను.

“పోలీసాయన ఇంటికొస్తడు నాయినా. చిన్నాయిన పేరు నేను రాయలే.”

“సరే బిడ్డా. నేను జూసుకుంట.”

విచారణ రోజున సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. కానిస్టేబులు నడివయసు మనిషి. అరుగు మీద మంచంలో కూర్చుని కాగితం తెరిచాడు.

“పిచ్చి దవాఖానల కొలువా తమ్మీ? జైలంటె గోడ దుంకకుండ మేం జూస్తం. ఆడ ఎవలు జూస్తరు?”

“అక్కడ కూడా మీవాళ్లే ఉంటారు సార్.”

“గట్లయితె మల్ల మా తిప్పలే!” నవ్వి, పేర్లు చదివాడు. “ఇంట్ల ముగ్గురే గదా?”

“ముగ్గురమే” అన్నాడు నాయన.

సరిగ్గా అప్పుడే చిన్నాయన మక్కచేనులోంచి వచ్చాడు. పరాయి మనిషి కనిపించగానే అలవాటుగా లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు, రెండు గ్లాసులు తెచ్చాడు.

“ఈయనెవలు?”

నాయన నా వైపు చూశాడు. నేను కానిస్టేబులు చేతిలోని కాగితం వైపు చూశాను.

“జీతగాడు సారూ. మా పొలం పనికుంటడు” అన్నాడు నాయన.

చిన్నాయన చెంబు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. వానాకాలంలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించి బడికి చేర్చిన మనిషి ఆయన. నాయన మాట విన్నాడు, ఎందుకన్నాడో గ్రహించాడు. చెంబు కింద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. దొరల ముందు జీతగాళ్లు అలాగే నిలబడేవారని మా ఊళ్లో అందరికీ తెలుసు. కానిస్టేబులుకు నీళ్లిచ్చాడు. తర్వాత నా ముందు కొద్దిగా వంగి రెండో గ్లాసు చాపాడు.

“తాగుండ్రి సారు.”

నేను ఆ నీళ్లు తాగాను.

“నెమ్మదస్తుడున్నడు మీ జీతగాడు. గిసోంటోళ్లు ఇప్పుడు యాడ దొరుకుతాండ్రు?” అంటూ కానిస్టేబులు సంతకాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మోటారుసైకిలు చప్పుడు వినబడనంత దూరం పోయాక అమ్మ నాయన మీద విరుచుకుపడింది. “సొంత తమ్ముణ్ణి జీతగాణ్ణి జేస్తివి గదయ్యా!”

“నేను జేసిన్నా? నీ కొడుకు కాయితం మీద మనిషే లేడని రాసిండు. లేని మనిషి నీళ్లు తెస్తె నేనేం జెప్పాలె?”

పెరట్లోకి వెళ్లాను. చిన్నాయన మక్కకంకులు ఒలుస్తున్నాడు. తువ్వాలు ఇంకా నడుముకే ఉంది.

“తప్పయింది చిన్నాయినా.”

“ఏం తప్పు? మంచిగ జెయ్యలేదా ఏంది?” అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది.

“నీ సంగతి వాళ్లకు రాసిద్దామనుకుంటాన్న. నువ్వు వద్దంటె రాయ.”

“రాస్తె నౌకరి పోతదా?”

“పోవచ్చు. అబద్ధం రాసిన గద.”

ఆయన మరో రెండు కంకులు ఒలిచాడు. నేను అక్కడే నిలబడ్డాను. వద్దంటాడేమోనని భయపడ్డాను. నిజం చెప్పాలంటే, వద్దంటే బాగుండునని కూడా అనుకున్నాను.

“ఆడ నాతోని ముచ్చట వెట్టే సారు ఉండె జూడు. మీ ఇంట్ల ఎవలెవలుంటరని అడిగిండు. అందరి పేర్లు జెప్పిన. నీ పేరు సుత జెప్పిన.” కంకి పక్కన పెట్టాడు. “రాయి బిడ్డా. గని భీవండి అని మాత్రం రాయకు. ఆ ఊరు నేను సూడనే లేదు.”

ఆ సాయంత్రమే స్టేషనుకు వెళ్లాను. కానిస్టేబులు నా మాట పూర్తిగా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

“పొద్దుగాల జీతగాడు, పొద్దుగూకెటాళ్లకు చిన్నాయిన అయిండా? రేపు తెల్లారెటాళ్లకు ఏమైతడు మల్ల?” ఆ తర్వాత నవ్వలేదు. నాలుగో పేరు చేర్చి, నా చేత వివరణ రాయించుకున్నాడు. “రాసింది రాసినట్టు పైకి పోతది తమ్మీ. నా శేతుల ఏం లేదు.”

మర్నాడు కాజీపేటలో రైలెక్కి వైద్యశాలకు వెళ్లి, జరిగినదంతా రాసిన ఉత్తరం పెద్ద డాక్టరుగారికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివారు.

“నేను ఇంటర్వ్యూలో అడిగాను కదా?”

“అడిగారు మేడమ్. అబద్ధం చెప్పాను.”

“మీ చిన్నాన్నను కాపాడటానికా?”

“కాదు మేడమ్. నా కోసమే.”

“రేపు మీరు ఏ ఇంటికి వెళ్లినా మీకు చెప్పేది ఇలాంటి అబద్ధాలే. అప్పుడేం చేస్తారు?”

దానికి నేను ఏ పాఠమూ చదువుకోలేదు. “నీళ్లు తెచ్చిన మనిషి పేరు అడుగుతాను” అన్నాను. ఆమె ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. “కమిటీ ముందు పెడతాను. ఏమవుతుందో చెప్పలేను. మీరు వెళ్లవచ్చు.”

తర్వాత వారాలు గడిచాయి. మళ్లీ ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాను, మళ్లీ వేలిముద్రల నిపుణులే వచ్చారు. ఒక మధ్యాహ్నం కేంద్రంలో ఉండగా చిన్నాయన ఫోను చేశాడు. ఇంటి చిరునామాకు కవరు వచ్చిందన్నాడు. చింపమంటే, “ఇంగిలీషుంటె నాకేమెర్క? నువ్వే రా” అని పెట్టేశాడు.

బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఆయన కవరును మంచం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“పోస్టాయన కొత్తోడు. కవరు తీస్కునెటోళ్లు నీకేమైతరని అడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? చిన్నాయిన అన్న. దస్కతు వెట్టిన.”

కవరు చింపాను. మొదటి వాక్యం రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. నియమించారు. తప్పు వివరం ఇచ్చినందుకు హెచ్చరిక నా ఫైలులో ఉంటుంది. మరొక షరతు కూడా ఉంది: నా బంధువుకు సంబంధించిన పాత రికార్డును నేను ఎప్పుడూ తెరవకూడదు. తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాను. చిన్నాయన చివరి మాట దగ్గర ఆపాడు.

“నా కాయితాలు ఇంక ఉన్నయా ఆడ?”

“ఉన్నయట.”

“తెరువకు. ఏ ఆట ఆడెటోణ్ణో నన్నే అడుగు, నేను జెప్త.”