కుడి చెవిలో నాదం

ఒక కార్తీక సోమవారం రావివలసలో ఎండల మల్లికార్జునుడికి ప్రదక్షిణ చేస్తుండగా నా కుడి చెవిలో హోరు మొదలైంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకసారి. అంతర్నాదం కుడి చెవిలోనే వినబడుతుందని మా నాన్నగారి దగ్గర చదువుకున్నవాణ్ణి. ఇన్నేళ్ల జపం ఫలించిందనుకున్నాను. వినయంగానే అనుకున్నాను గానీ, ఆ ఆదివారం టెక్కలిలో నేను చెప్పే ప్రవచనంలో ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

మరుసటి వారం జనం రెట్టింపయ్యారు. పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన నా చెవికి తన చెవి ఆనించాడు.

"ఇనిపిస్తంది పంతులు గారూ! ఓంకారమే!"

ఆయనకేం వినిపించిందో ఈశ్వరుడికే తెలియాలి. మిగతావాళ్లూ వచ్చారు. నేను తల వంచి కూర్చున్నాను.

నెలాఖరుకి కుడి కన్ను ఎర్రబడింది. ఒక దీపం వెలిగిస్తే రెండు కనబడుతున్నాయి. మా ఆవిడ ఊరుకోలేదు.

"మీరు సెప్పేది అద్వైతం. మరి కన్ను రెండు సూపిస్తందేటండీ? పదండి విశాఖ."

అక్కడ డాక్టరు నా చెవి వెనక స్టెతస్కోపు పెట్టి, "నాకూ వినిపిస్తోంది మాస్టారూ" అన్నాడు. ఆ క్షణాన ఆయనకు నమస్కరించాలనిపించింది. తరవాత స్కానింగు చూపించి చెప్పాడు. మెదడును కప్పిన పొరలో ధమని ఒకటి, మధ్యలో ఉండాల్సిన సన్నని నాళాలు లేకుండా, నేరుగా సిరతో కలిసిపోయిందట. హోరు ఆ రక్తానిదే. వదిలేస్తే చూపు పోవచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి ఆ కలయికను మూసేస్తారట.

"చప్పుడు ఉంటుందా?" అన్నాను.

"పోవాలి. పోతేనే పని అయినట్టు."

మూడు రోజులు గడువు అడిగాను. నా బెంగ కంటి గురించి కాదు, ఆదివారం జనానికి ఏం చెప్పాలని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

"దేవుడు మాటాడాలనుకుంటే ఎడం చెవి లేదేటండీ?" అంది మా ఆవిడ. మర్నాడే సంతకం పెట్టాను.

హోరు పోయింది. కొన్ని వారాలకు చూపు కుదుటపడింది. నా మీద స్వామికి నిజంగా దయ ఉందని అప్పుడు తెలిసింది.

మళ్లీ ప్రవచనానికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అది నాదం కాదు, జబ్బు. అహంకారంతో పొరబడ్డాను, మీ చేతా పొరపాటు చేయించాను అన్నాను. జీడిపప్పు వ్యాపారి పక్కాయన భుజం తట్టాడు.

"సూసావా బావా! సిద్ధి వొచ్చినోలు ఎప్పుడైనా ఒప్పుకుంటారేటి?"

ఆ రోజు గంటసేపు రక్తనాళాల గురించే చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.