చప్పిడి సంగటి

చిత్తూరు బస్టాండు ముందర పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూకారం చల్లుతుంటే ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం సావిత్రక్క గుర్తుకొస్తుంది.

ఆమె మా ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరు. నేను కొత్తగా నర్సుగా చేరినప్పుడు, బీపీ చూడటం దగ్గర్నుంచి ముసలివాళ్లకు ఓపికగా నచ్చజెప్పడం దాకా నేర్పింది ఆమే. ఊళ్లలో ఉప్పు వాడకం తగ్గించే కార్యక్రమం వచ్చినప్పుడు మేమంతా గోడలకు కాగితాలు అంటించి చేతులు దులుపుకున్నాం. ఆమెకు అది చాలలేదు. "కాగితాలు తింటారా మే ఎవురన్నా? వండి పెడదాం పా," అంది. అంగన్‌వాడీలో ఉప్పు వేయకుండా రాగిసంగటి కెలికి, పప్పులో సగం ఉప్పే వేసి, ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది. ఒక పెద్దామె ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్లెం అవతలికి తోసేసింది. "ఏం కూడు తల్లీ ఇది? చప్పిడి కూడు సావింట్లో గదా తినేది! మా ఇంట్లో అందురూ సల్లంగుండారు," అంది. మా వైపు మనిషి పోతే కర్మ అయ్యేదాకా దాయాదులంతా ఉప్పులేని కూడే తింటారు. ఆ మాట చెవిన పడ్డాక ఇంకెవరికి ముద్ద దిగుతుంది? ఒకరి వెనక ఒకరు లేచి చేతులు కడుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం మిగిలిన సంగటి డబ్బాలో సర్దుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆమె అసలు పోరాటం ఇంట్లోనే, భర్త రెడ్డెప్ప బావతో. బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. ఆయన బీపీ చూసినప్పుడల్లా అక్క ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. మాత్రలు చేతిలో పెట్టి మింగించేది. ఊరగాయ జాడీని ఇంట్లోంచే తీసేసింది.

"ఉప్పు మీద గూడా పెత్తనమేనా? నువ్వన్నా చెప్పమ్మా మీ అక్కకు," అని బావ నాతో నవ్వేవాడు.

"నవ్వు, నవ్వు. నువ్వు పడిపోతే నేనేం గావాల?" అనేది అక్క. ఆమె నవ్వేది కాదు.

కొన్నాళ్లకు ఆయన గొణగడం మానేశాడు. దారికొచ్చాడని మేం సంబరపడ్డాం. ఒక పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటూ కూలిపోయాడు. తలలో నరం చిట్లిందట. తిరుపతికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

శవం పక్కన కూర్చుని, బావకు దాయాదుల ఇంటి వదిన గుండెలు బాదుకుంది. "నిన్న గూడా నా చేతి ఊరగాయ తినిపోయినాడే అబ్బా! పెండ్లాం చప్పిడి కూడు పెడతాందని పాపం, దినామూ పెడ్తినే!" ఆమె ఒక్కతే కాదు. అక్క డ్యూటీకి పోగానే వీధిలో అందరూ పిలిచి మరీ పెట్టారు. ప్రేమతోనే పెట్టారు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కర్మ కాకముందు ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి దాయాదులంతా వరసగా కూర్చుని తింటున్నారు. ఊరగాయ పెట్టిన వదిన కూడా ఉంది. ఉప్పులేని అన్నం, ఉప్పులేని పప్పు. ఒక్కరూ వంక పెట్టలేదు. అక్క గోడకు ఆనుకుని వాళ్లనే చూస్తోంది. నా చేయి పట్టుకుని మెల్లిగా అంది: "సూడు మే, ఎట్ట తింటాండారో. ఆయప్ప ఉన్నెప్పుడే అందురూ ఇట్ట తినుంటే..."

ఆపై ఆమె ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉండలేదు. ఇప్పుడు సూపర్‌వైజరును నేనే. అంగన్‌వాడీలో సంగటి కెలికించిన ప్రతిసారీ "సావింటి కూడు" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అక్క మాట నా నోటిదాకా వస్తుంది, చెప్పలేను. మొదటి ముద్ద నేనే తిని, పళ్లెం వాళ్ల వైపు జరుపుతాను. ఇంటిల్లిపాదీ సల్లంగా ఉండగానే ఎవరన్నా చేయి చాపుతారేమోనని చూస్తూ కూర్చుంటాను.