రాజలింగం పాస్ చేసిన ఫోన్

సూరత్‌ల మా గోడాదరా బస్తీ రాజలింగం చెయ్యి పెట్టి నలిపి చూడనిది ఒక్క దేవుని విగ్రహమే. గర్భగుడిలకు పోనియ్యరు కాబట్టి అది బతికిపోయింది.

చీర కొన్నా, దుప్పటి కొన్నా, ఆఖరికి కుక్కర్ కొన్నా మా గల్లీల ఆడోళ్లు ముందుగాల ఆయనకే చూపియ్యాలె. ఆయన కండ్లు సగం మూసి, అంచును రెండు వేళ్ల నడుమ నలిపి, ఎంతో సేపటికి "ఊఁ, పాస్" అంటడు. ఆ ఒక్క మాట కోసం వాళ్లు గుడి ముంగట నిలబడ్డట్టు నిలబడుతుంటె నాకు ఒళ్లు మండుతది. నేనైతే పోయిన దీపావళికి కొన్న నీలం చీరను ఆయనకు చూపియ్యలేదు. నాకు కండ్లు లేవా?

సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి పంతొమ్మిదేండ్లకు సూరత్ వచ్చిండు. మొదలు సాంచెలు, అంటె కరెంటు మగ్గాలు, నడిపిండు. ఆ చప్పుడుకు ఎడమ చెవి సగం పోయింది. తర్వాత సలాబత్‌పురా బట్టల బజార్ల ఒక సేటు దగ్గర బట్ట చెకింగ్ పనికి కుదిరిండు. కింద ట్యూబులైట్లు పెట్టిన అద్దం బల్ల ఉంటది. దాని మీద నుంచి నూరు మీటర్ల బట్ట చుట్టను గుంజుకుంట, పోగు తప్పిన కాడ, నూనె మరక పడ్డ కాడ అంచుకు ఎర్రదారం ముడి వెయ్యాలె. ఎర్రదారం పడ్డ బట్టను నేసినోడు నోరెత్తకుంట వాపసు తీసుకపోవాలె. అది ఆ బజారు రివాజు. ఇరవై రెండేండ్ల సంది రాజలింగం ఆ ముళ్లే వేస్తున్నడు. పెండ్లికి పోయినా సరే, అంగీ జేబుల ఎర్రదారం తునకలు ఉంటయి.

పనిమంతుడే, కాదన. నా మనుమరాలి ఫంక్షన్ల మా చుట్టాలు పెట్టిన పట్టుచీర అంచు నలిపి, "సగం పాలిస్టర్" అని నలుగురి నడుమ గట్టిగ చెప్పిండు. నిజమే చెప్పిండు. ఆ చుట్టాలు రెండేండ్లు మాట్లాడలేదు, ఆయనతోని కాదు, నాతోని.

ఈ చలికాలం రాజలింగం ఫోన్ బకెట్ల పడి చచ్చిపోయింది. వాడిన ఫోన్ ఒకటి కొందమనుకున్నడు. వాడినది కొనుడు తప్పేం కాదు, మా గల్లీల సగం మంది కొంటరు. తప్పు ఎక్కడ వచ్చిందంటె, ఆయన బిడ్డ సింధూజ చెప్పిన మాట వినకపోవుడు కాడ. పిల్ల పన్నెండో తరగతి చదువుతది.

"బాపూ, కొనే ముందు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టు. ఒక నంబర్ వస్తది. బిల్లు మీద, డబ్బా మీద అదే నంబర్ ఉండాలె. పాత ఓనర్ అకౌంట్ తీసేసిండా చూడు. బ్యాటరీ మార్చిండ్రా, మారిస్తె ఏ కంపెనీది వేసిండ్రు, అడుగు."

"నువ్వు పుట్టకముందు సంది చెకింగ్ చేస్తున్న. నాకు నేర్పుతున్నవా?"

"వో కప్డా హై బాపూ. యే ఫోన్ హై."

"బట్టయినా ఫోనయినా వస్తువు వస్తువే పో."

నాకు ఫోన్ అక్కర లేదు. అయినా జల్లెడ కొనేది ఉన్నదన్న వంకతోని ఆయన వెంట పోయిన. ఒకళ్లు కొనేది చూడకుంటె నాకు తిన్నది అరగది.

ఫోన్ల గల్లీల చెప్పుల స్టాండంత దుకాణం. మనిషి మాత్రం సెంటు కొట్టుకొని కూసున్నడు. నల్లగ మెరిసే ఫోన్ ఒకటి తీసి రాజలింగం చేతుల పెట్టిండు. ఇగ చూడాలె మనోని వేషం! ట్యూబులైటు ముంగట ఎత్తి పట్టిండు. అంచుల మీద గోరు నడిపిండు. అద్దం మీద ఊది, అంగీ కొసతోని తుడిచిండు. వెనుక దిక్కు రెండు వేళ్లతోని నలిపిండు. ఫోన్‌ను నలిపిండు!

"చాచా కా హాథ్ హై కి మశీన్!" అన్నడు దుకాణపాయన. చెయ్యా మిషనా అనంగనే రాజలింగం పూరీ లెక్క పొంగిండు.

నేను ఊకుంటనా? "ఇది ఎవలు వాడిండ్రు? ఎందుకు అమ్మిండ్రు? దీని డబ్బా ఏది? అడుగుకు ఉన్న ఈ రెండు స్క్రూల తలలు ఎందుకు గీరుకపోయినయి?" అని అడిగిన.

"ఆంటీ, రిఫర్బిష్డ్ మాల్ హై. నయా జైసా."

"కొత్తలెక్క ఉన్నదంటె కొత్తది కాదనే గదా."

"వదినే, జర ఊకో. నాలుగో తరగతి చదివినోళ్లు కూడ ఫోన్ల గురించి మాట్లాడితె ఎట్ల?" అన్నడు రాజలింగం. తాను ఐదు చదివిండు మరి. మా నడుమ ఆ ఒక్క తరగతి వింధ్యపర్వతం.

దుకాణపాయన ఒక చీటీ రాసి ఇచ్చిండు. డిస్‌ప్లే, బ్యాటరీ, నీళ్లు, వీటికి గ్యారంటీ లేదట.

"మరి గ్యారంటీ దేనికి?"

"బాకీ సబ్ కా, ఆంటీ."

"ఇంక మిగిలింది ఏమున్నది నాయనా? డబ్బానా? అది కూడ ఇయ్యకపోతివి."

రాజలింగం నా దిక్కు చూడనే లేదు. కండ్లు సగం మూసి "ఊఁ, పాస్" అన్నడు. నంబర్ కొట్టలేదు, అకౌంట్ చూడలేదు, బ్యాటరీ మాట ఎత్తలేదు. గంజి పెట్టి మెరిపిచ్చిన పల్చటి బట్టను గోటితోని గీకి పట్టే మనిషి. పాత పేగుల మీద కొత్త అద్దం అతికిచ్చి ఇస్తె జేబుల వేసుకొని వచ్చిండు. పైన పటారం, లోన లొటారం అని ఊకె అన్నరా?

రెండు వారాలు గడిచినయి. ఫోన్ కాలుడు మొదలైంది. "చలికాలం గదా, చేతికి మంచిగున్నది" అన్నడు. ఆ తర్వాత ఒక దిక్కు అద్దం లేచి, సందుల నుంచి వెలుతురు కనపడ్డది. "ఇది కర్వ్ మాడల్" అన్నడు.

ఒకనాడు మా గడప ముంగట కోటా బండల మీద ఆ ఫోన్‌ను పెట్టి వేలితోని ఒక్క తిప్పు తిప్పిన. బొంగరం లెక్క తిరిగింది. నా పాత ఫోన్ కూడ పక్కన పెట్టి తిప్పిన. అది కదలలే.

"చూసినవా రాజలింగం? నడుమ పొట్ట వచ్చింది. సాపుగ ఉన్నది తిరుగది."

సింధూజ పరుగున వచ్చి చూసింది. "బాపూ, బ్యాటరీ ఫూల్ గయీ హై! ఇట్ల ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టకు. స్విచాఫ్ చేసి ఇచ్చేయ్."

"నేను పాస్ చేసింది ఇయ్యాల్టి దాక వాపసు రాలే" అన్నడు రాజలింగం, ఫోన్ జేబుల వేసుకుంట.

ఆయన ఫోన్ ఆయన ఖర్మ అని ఊకుందును. కానీ నడుమ సంధ్యారాణి ఉన్నది. మా పక్క గదిల ఉంటది. మొగడు పోయి నాలుగేండ్లు. సేటు పంపిన చీరలకు ఇంట్లనే రాళ్లు అతికిస్తది. పది అడుగుల గది. గోడకు గోడకు చీరల కట్టలు, నడుమ జిగురు డబ్బాలు, ఆ సందులనే పడక. అన్నీ పాలిస్టర్ చీరలే, నిప్పురవ్వ పడితె మంట కంటె ముందు కరిగి ఒంటికి అంటుకునే రకం. ఆ సేటు ఇగ డిజైన్లు ఫోన్లనే పంపుతనన్నడు. ఫోన్ లేకుంటె పని ఇంకొకళ్లకు పోతది. చీటీ పాడుకొని పైకం తెచ్చుకున్నది. ఆదివారం రాజలింగంతోని అదే దుకాణానికి పోతదట.

"సంధ్యా, ఆయన ఫోన్ ఉబ్బింది. చూసినవా?" అన్న.

"కర్వ్ మాడల్ అట గదా అక్కా."

"నీ తలకాయ కర్వ్ మాడల్. అట్లాంటిది తెచ్చి ఈ కట్టల మీద చార్జింగ్ పెట్టుకొని పండుకుంటవా?"

"రాజన్న పాస్ అన్నడంటె నేను కండ్లు మూసుకొని కొంట" అన్నది. గుడ్డి నమ్మకం గుడ్డోళ్లకు కూడ అంత ఉండది.

రాజలింగాన్ని పిలిచి మొఖం మీదనే చెప్పిన. "నీది చెడ్డదని ఒక్క మాట ఒప్పుకో. ఆ పిల్ల ఆగిపోతది." నా నోట వస్తె ఆమె ఆగది, ఆయన నోట వస్తెనే ఆగుతది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేల దిక్కు చూసి, "దుకాణం మంచిదే వదినె. నాది జర వేడి చేస్తది, అంతె" అన్నడు. ఇరవై రెండేండ్ల పేరు ఒక దిక్కు, ఆడమనిషి ఇల్లు ఒక దిక్కు. తూచి పేరే ఉంచుకున్నడు మొగోడు!

ఆదివారం పొద్దున పదకొండు కొట్టంగ సంధ్యారాణి గదిలకు తొంగి చూసిన. ఆమె అద్దం ముంగట జడ వేసుకుంటున్నది. సింధూజ గడపల నిలబడ్డది. రాజలింగం లోపల చీరల కట్ట మీద పట్టాభిషేకం అయినట్టు కూసున్నడు. నా ముక్కుకు ఏదో తియ్యటి వాసన తగిలింది, గోళ్ల రంగు వాసన లెక్క.

"సంధ్యా, జిగురు ఒలికిందా?"

"లేదక్కా, మూత పెట్టే ఉన్నది."

సుయ్‌మని సన్నగ చప్పుడు కూడ వస్తున్నది. ఆయన ఎడమ దిక్కు నుంచి. ఆయనకు వినపడది గదా!

"రాజలింగం, నీ కింద ఏమున్నది?"

"ఏం లేదు."

"లెవ్!"

"ఏందొదినే, పావుగంటల సాపు అయితది" అని గొణిగిండు.

అప్పుడు సమజైంది. బట్టకు ముడత పడితె బరువు కింద పెట్టి సాపు చేస్తరు. ఈ మహానుభావుడు ఉబ్బిన ఫోన్‌ను రెండు కట్టల కింద పెట్టి, అది చాలదని మీద తాను కూసున్నడు! దుకాణానికి పోయే ముందు పొట్ట కనపడకుంట చేద్దామని.

రెక్క పట్టి ఒక్క గుంజు గుంజిన. కట్టలు పక్కకు నూకితె ఫోన్ నుంచి సన్నటి పొగ వస్తున్నది. "పెద్దమ్మా, చెయ్యి పెట్టకు!" అని సింధూజ ఒర్లింది. పొయ్యి కాడి పట్కారు అందుకొని, దాన్ని పట్టుకొని, ఎదురుంగ కట్టే ఇంటోళ్ల ఇసుక కుప్పల విసిరేసిన. పడ్డదో లేదో బుస్సుమని తెల్లటి పొగ, దాని ఎంబడి మూరెడు మంట. గల్లీ కుక్కలన్నీ ఒక్కసారి మొరిగినయి. ఆ మంట గదిల లేచి ఉంటె ఏమైతుండెనో నేను చెప్పవలసిన పని లేదు.

లోపల అడుగు చీరకు అరచేయంత గోధుమరంగు మచ్చ పడ్డది. సంధ్యారాణి జడ సగంల వదిలేసి దాన్నే చూస్తున్నది. రాజలింగం జేబుల నుంచి ఎర్రదారం తీసి, మచ్చకు ఎదురుంగ ఆ చీర అంచుకు ముడి వేసిండు. ముడి మూడుసార్లు జారింది.

"మీ సేటుకు నేనే చెప్త. తప్పు నాది" అన్నడు. మస్తు చెప్పిండు, మంట ఆరినంక.

ఫోన్ చల్లబడ్డంక ఇసుకతోని సహ రంగు డబ్బాల వేసుకొని, నలుగురం ఆటోల దుకాణానికి పోయినం. పోయే ముందు ఆ మాడిన ముక్కకు కూడ ఒక ఎర్రదారం చుట్టిండు. డబ్బా తెచ్చి అద్దం బల్ల మీద పెట్టి నిలబడ్డడు. ఆ దారం చూడంగనే దుకాణపాయన లేచి దండం పెట్టి వాపసు తీసుకుంటడనుకున్నడు కావచ్చు, పాపం.

"యే ధాగా క్యా హై, చాచా?" అన్నడు వాడు. చీటీ మీద బ్యాటరీ అన్న మాట కాడ వేలు పెట్టి చూపిచ్చిండు. సలాబత్‌పురా రివాజు ఫోన్ల గల్లీ దాక రాలేదు.

సిగ్గులేనోడు, డబ్బాను పక్కకు జరిపి సంధ్యారాణి దిక్కు తిరిగిండు. "బెహన్‌జీ, ఆప్‌కో క్యా దిఖావూఁ?" అని బంగారు రంగుది ఒకటి తీసి ముంగట పెట్టిండు. అలవాటు ఎక్కడికి పోతది! సంధ్యారాణి ఆ ఫోన్ ఎత్తి రాజలింగానికి ఇయ్యబోయింది. ఆయన చెయ్యి కూడ ముంగటికి వచ్చింది. సగం దాక వచ్చి ఆగింది.

"నాకు తెల్వది సంధ్యా" అన్నడు. "పోయినసారి కూడ తెల్వలే. మా పిల్లను అడుగు."

సింధూజ ఫోన్ అందుకొని అద్దం బల్ల మీద పెట్టి ఒక్క తిప్పు తిప్పింది. రెండు సుట్లు తిరిగింది. "చలో ఆంటీ" అన్నది సంధ్యారాణితోని.

ఆ పిల్లనే ఇంకొక దుకాణంల నంబర్ కొట్టి, బిల్లుతోని కలిపి, పాత అకౌంట్ లేదని చూసి, బ్యాటరీకి ఆరు నెలల గ్యారంటీ రాయిచ్చి సంధ్యారాణికి ఫోన్ ఇప్పిచ్చింది. అంతసేపు రాజలింగం బయట మెట్ల మీద సంచి పట్టుకొని కూసున్నడు. ఇన్నేండ్ల మీద ఆయన సంచి మోసుడు నేను చూసుడు అదే మొదలు. సల్లగనిపిచ్చింది.

ఆటోల వాపసు వస్తుంటె నా నీలం చీర కొంగు గాలికి ఆయన మోకాలి మీద పడ్డది. ఆ రెండు వేళ్లు ఊకుంటయా? నలిపినయి. కండ్లు సగం మూసిండు.

"చెప్పు" అన్న.

"ఎందుకులే వదినె."

"చెప్పవయ్యా."

"అంత గంజే ఉన్నది. రెండు ఉతుకులకు జల్లెడ అయితది."

నేను కొంగు గుంజుకొని నడుముల చెక్కుకున్న. ఆ చీరను ఇప్పటికి ఒక్కసారే ఉతికిన. రెండోసారి ఉతకను.